అన్నదానంతో పాటు ఒక అర్జీ కూడా!

అన్నదానం గొప్పదని మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కార్తీకమాసం వచ్చిందంటే ఏ గుడి దగ్గర చూసినా విస్తళ్ళు పరిచే ఉంటాయి. మా పాలంపేటలో రామప్ప గుడి ఉంది కదా, శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం. అలాంటి రోజుల్లో ఆడవాళ్ళం తలా ఇంత బియ్యం, పప్పు వేసుకుని నలుగురికీ పెట్టుకుంటాం. పుణ్యం సంగతి అటుంచి, కడుపు నిండినవాళ్ళ మొహం చూస్తే మనకే తృప్తి.

కానీ అది ఒక్క పూట. మర్నాటి నుంచి లేనివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగేది దేనితో? కంట్రోలు బియ్యంతోనే!

1983లో ఎన్.టి. రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. తెలంగాణలో 2015 నుంచి కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 6 కిలోలు లెక్క. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు, అదీ ఉచితంగా. ఐదుగురుంటే 30 కిలోలు. అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు. అయితే కార్డు ఉండాలి, అందులో పేరు ఉండాలి. చిక్కంతా అక్కడే.

మా వాడలో పదిమంది ఆడవాళ్ళం సోమవారం సోమవారం భజన చేసుకుంటాం. ఒకసారి భజన అయ్యాక ప్రసాదం తింటూ ఎవరింట్లో ఎవరి పేరు కార్డులో లేదో లెక్క వేశాం. ఆశ్చర్యపోయాం! ఒక కోడలు పెళ్ళయి మూడేళ్ళయినా పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంది. అక్కడా బియ్యం తెచ్చుకోదు, ఇక్కడా రావు. ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లల పేర్లు అసలు ఎక్కనే లేదు.

అన్నిటికన్నా బాధ కలిగించింది మా వెనకింటి అవ్వ సంగతి. నలభై ఏళ్ళు నాట్లేసి, కలుపు తీసి ఆమె వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. మిషన్ మీద వేలిముద్ర పడదు. "రేపు రా అవ్వా" అంటే రేపు పోయింది. ఆ తర్వాత పోవడమే మానేసింది. మాకెందుకు చెప్పలేదవ్వా అంటే, "అడుక్కున్నట్టుంటది బిడ్డా" అంది. మాలో కాస్త చదువుకున్న ఒకావిడ తోడు వెళ్ళి, కంటిపాప చూసే మిషన్ పెట్టమని అడిగింది. అవ్వ కన్ను చూపించింది, బియ్యం తెచ్చుకుంది. అంత చిన్న పని!

ఇది చిన్న విషయమని వదిలేస్తే ఏమవుతుందో కూడా విన్నాం. 2017 సెప్టెంబరులో, మనం ఇక్కడ బతుకమ్మ ఆడుకుంటున్న రోజుల్లో, జార్ఖండ్ లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ళ పిల్ల చనిపోయింది. కార్డు ఆధార్ తో కలవలేదని ఆ ఇంటికి నెలల తరబడి రేషన్ ఆగింది. దసరా సెలవులని బడిలో మధ్యాహ్నం అన్నం కూడా లేదు. ఆకలితో పోయిందని తల్లి అంది, జబ్బుతో అని అధికారులు అన్నారు. ఏదైనా, ఆ ఇంటికి బియ్యం రాలేదన్నది మాత్రం నిజం.

'దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు' అని సామెత. మా వాడ గుడిలో అది తిరగబడింది. హారతి అయ్యాక పూజారి గారే, "కార్డులో పేరు లేనివాళ్ళు ఉంటే భజన అమ్మలకు చెప్పండి" అంటున్నారు. వారం వారం కలిసేవాళ్ళం కాబట్టి ఎవరు నాలుగు రోజులుగా కనబడలేదో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో మనకే ముందు తెలుస్తుంది. ఆదివారం చర్చికి వెళ్ళే అక్కలూ, శుక్రవారం నమాజుకు వెళ్ళే భాయీల ఇంటి ఆడవాళ్ళూ ఇదే పని చేయవచ్చు. అమెరికాలో కూడా కొన్ని చర్చిల వాళ్ళు పేదలతో కూర్చుని ఫుడ్ స్టాంపుల ఫారాలు నింపి పెడతారట. అర్జీ రాసేటప్పుడు ఏ దేవుడికి మొక్కుతావని మాత్రం ఎవరినీ అడగకూడదు.

ఇంతకీ మనం చేయగలిగినవి ఏమిటంటే:

* కోడలి పేరు పుట్టింటి కార్డులో తీయించి అత్తింటి కార్డులో చేర్పించాలి. పిల్లలకు ఆధార్, పుట్టిన తేదీ కాగితం సిద్ధం చేసి మీ సేవలో అర్జీ పెట్టించాలి. రసీదు భద్రంగా దాచమనాలి.

* పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉన్నవాళ్ళు కార్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్దగా రాయాల్సింది 18 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దావిడ పేరే.

* కార్డులో ఉన్న ప్రతివాళ్ళూ ఈ-కేవైసీ చేయించుకున్నారో లేదో అడగాలి. ముసలివాళ్ళకు తోడు వెళ్ళాలి.

* గర్భిణులను, బాలింతలను అంగన్‌వాడీకి తీసుకెళ్ళాలి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద వాళ్ళకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి.

* మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలివాళ్ళకు వాళ్ళ ఊరి కార్డుతోనే ఇక్కడ కేంద్రం వాటా బియ్యం తీసుకోవచ్చని చెప్పాలి.

* బియ్యం ఇవ్వకపోయినా, తూకం తగ్గినా 1967కు ఫోన్ చేయించాలి.

ఒక్క జాగ్రత్త. ఎవరి కార్డూ మన దగ్గర పెట్టుకోవద్దు, పైసలు ముట్టుకోవద్దు. పని అవ్వగానే జిరాక్సు కాగితాలతో సహా తిరిగి ఇచ్చేయాలి. నలుగురు ఆడవాళ్ళం మంచి చేయబోతే మాట పడకూడదు కదా!

ఈసారి బతుకమ్మ ఆడి సద్దులు పంచుకునేటప్పుడు, పక్కనున్నావిడ చేతిలో మలీద ముద్ద పెడుతూ మెల్లగా అడగండి: "వదినా, మీ కార్డులో అందరి పేర్లూ ఎక్కినయా?"