పాత గొంతు, కొత్త బరాత్

చలి జర గట్టిగానే ఉంది, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. పెండ్లిళ్ల ముచ్చట చెప్పుకుందాం. మా మొయినాబాద్ దిక్కు ఫంక్షన్ హాళ్లకు, ఫాంహౌజ్‌లకు కొదవ లేదు. మంచి ముహూర్తం నాడు బరాత్ ఎదురైందంటే చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్ల కింద బండ్లన్నీ ఆగాల్సిందే. 2025 సంక్రాంతి దాటినంక ఆ బరాత్‌లలో డీజేకు తప్పని పాట ఒకటి ఉండేది: ‘గోదారి గట్టు మీద’. మనకూ గోదారికీ ఏం చుట్టరికం చెప్పండి? ఒక పక్క మూసీ మీద గండిపేట, ఇంకో పక్క ఈసీ మీద హిమాయత్‌సాగర్. అయినా ఆ పాట పడితే చాలు, అప్పటిదాకా బిగదీసుకున్న మేనమామ కూడా దస్తీ ఊపుకుంటూ దిగేవాడు.

ఆ గొంతు రమణ గోగులది. ఇరవయ్యేళ్ల పిల్లలకు ఆయన కొత్త గాయకుడు. నలభై దాటినవాళ్లకు అట్లా కాదు. 1996లో ‘ఆయే లైలా’ అని పాప్ ఆల్బమ్‌తో వచ్చి, ‘ప్రేమంటే ఇదేరా’, ‘తమ్ముడు’, ‘బద్రి’ సినిమాలకు సంగీతం కట్టిన మనిషి. ఆ బొంగురు గొంతు విని జలుబు చేసిందా అని ఎకసెక్కాలాడిన పెద్దలూ ఉన్నారు, క్యాసెట్ టేపు అరిగేదాకా విన్న కుర్రాళ్లూ ఉన్నారు. తర్వాత ఆయన సినిమాలకు దూరమయ్యాడు.

2024 డిసెంబరులో ఈ పాట విడుదలైంది. వెంకటేశ్ ‘లక్ష్మి’ సినిమాకు సంగీతం కట్టిన 18 ఏళ్లకు రమణ గోగుల పాడింది మళ్లీ వెంకటేశ్ సినిమాలోనే, ‘సంక్రాంతికి వస్తున్నాం’లో. బాణీ భీమ్స్‌ది, మాటలు భాస్కరభట్లవి. పక్కన పాడింది మన జానపదాల మధుప్రియ. ఒకప్పుడు తానే బాణీలు కట్టినవాడు ఇంకొకరి బాణీకి ఒదిగి పాడాడు చూడండి, అక్కడే సగం గెలిచాడు.

మిగతా సగం ఎక్కడంటారా? వయసు దాచుకోకపోవడంలో. స్వీడన్ వాళ్ల ఆబా బృందం 40 ఏళ్ల తర్వాత 2021లో ‘వాయేజ్’ ఆల్బమ్ తెచ్చింది. లండన్ వేదిక మీద మాత్రం వాళ్ల పడుచు రూపాలను కంప్యూటర్‌తో ఆడించారు. మన పాటలో ఆ తంటా లేదు. పిల్లలున్న ఆలుమగల సరసం అది. దానికి నున్నటి పడుచు గొంతు అతకదు, కాస్త అరిగిన గొంతే కావాలి. అందుకే పాతవాళ్లు గుర్తుపట్టి మురిశారు, కొత్తవాళ్లు గుర్తుపట్టకుండానే చిందేశారు.

నాకున్న వెలితి ఒక్కటే. ఆల్బమ్‌తో పుట్టిన గాయకుడు తిరిగి రావడానికి సినిమా గుమ్మమే ఎక్కాల్సి వచ్చింది. క్యాసెట్ల దుకాణాలతో పాటే తెలుగు పాప్ ఆల్బమ్ కూడా మూతబడింది మరి. రమణ గోగుల గారూ, ఒక్క పాటతో సరిపెట్టకండి, పది పాటల ఆల్బమ్ ఒకటి మాకు బాకీ ఉన్నారు.