ఎనిమిదో వ్యసనం

వ్యసనాలు ఏడని పెద్దలు లెక్క తేల్చారు. జూదం, పానం, వేట మొదలైనవన్నీ చెప్పి, అర్థదూషణంతో కలిపి ఏడింటితో ఆపారు. పాపం, వారి కాలానికి ప్లాస్టిక్కు పుట్టలేదు. పుట్టివుంటే ఎనిమిదోది కూడా చేర్చేవారని నా నమ్మకం. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "ఎనిమిదోది దేనికండీ? మీది ఏడోదాంట్లోనే వచ్చేస్తుంది. అర్థదూషణమంటే డబ్బు పాడుచెయ్యడమేగా?" అంటుంది. తెలుగు లెక్చరరును కట్టుకున్నందుకు ఇరవై ఏళ్ళలో ఆవిడకు అబ్బిన పాండిత్యమంతా నామీదనే ప్రయోగిస్తూ వుంటుంది.

సంగతేమిటంటే, నాకు బొమ్మ విమానాలు కట్టే సరదా వుంది. బొమ్మలనగానే పిల్లలు ఆడుకునేవి అనుకునేరు. ఇవి ఆడుకోవడానికి పనికిరావు. అట్టపెట్టె కొంటాం. మూతమీద మబ్బుల్ని చీల్చుకుపోతున్న విమానం బొమ్మ వుంటుంది. మూత తీస్తే లోపల విమానం వుండదు. బూడిదరంగు ప్లాస్టిక్ కొమ్మలు వుంటాయి. చింతకొమ్మకు కాయల్లాగా వాటికి రెక్కలు, తోకలు, చక్రాలు, గోరంత పైలటు వేలాడుతూ వుంటాయి. ఏ ముక్క ఎక్కడ అతకాలో చెప్పే కాగితం ఒకటి మడతపెట్టి వుంటుంది. ఒక్కొక్క ముక్కా కత్తిరించి, గరుకుకాగితంతో నున్నచేసి, అతికించి, సందులు పూడ్చి, రంగులు వేసి, నీళ్ళలో నానబెట్టిన గుర్తుల్ని దానిమీదికి జార్చితే నెలకో రెండు నెలలకో విమానం తయారవుతుంది.

అసలుదానికీ దీనికీ కొలత తప్పకూడదు. 1/72 అంటే అసలు విమానంలో ఆరడుగులు మన బల్లమీద ఒక అంగుళం. 39 అడుగుల రెక్కలున్న సీ హాక్ ఆరున్నర అంగుళాలకు దిగుతుంది. ఓడలకు 1/700 ఎక్కువగా వాడతారు. మన నౌకాదళానికి 1961లో వచ్చిన మొదటి విక్రాంత్ పొడవు 700 అడుగులు. ఆ కొలతన అది పిల్లలు బడికి తీసుకుపోయే స్కేలుబద్దంత వుంటుంది.

ఈ వ్యాపారం పుట్టుక కూడా తమాషాగానే జరిగింది. హంగరీ దేశంనుంచి ఇంగ్లండు చేరిన నికొలస్ కోవ్ అనే ఆయన 1939లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పెట్టాడు. మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు. 1949లో ఫెర్గుసన్ ట్రాక్టరు అమ్మేవాళ్ళు చేతపట్టుకు తిరగడానికి చిన్న ప్లాస్టిక్ ట్రాక్టరు చేసిపెట్టాడు. దాన్ని ముక్కలుగా అమ్మితే కొనేవాడే అతుక్కుంటాడు గదా అన్న ఊహ వచ్చింది. తర్వాత గోల్డెన్ హైండ్ అనే ఓడ రెండు షిల్లింగులకు దుకాణాల్లోకి వచ్చింది. అతికించే చాకిరీ మనది, దానికి డబ్బిచ్చేదీ మనమే! ఇంతకన్నా గడుసు వ్యాపారం నాకు కనిపించలేదు.

జపానులో తమియా కంపెనీ 1946లో షిజువోకా పట్నంలో కట్టెకోత మిల్లుగా మొదలైంది. 1951లో మిల్లు తగలబడింది. తర్వాత కొయ్య బొమ్మలే ఆధారమైనాయి. అవతల ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి కొయ్య బొమ్మల్ని తోసేస్తుంటే వాళ్ళూ 1960లో ప్లాస్టిక్కుకు మారారు. వాళ్ళ మొదటి టాంకులోపల బ్యాటరీలు, మోటారు పట్టాలి గనుక, అవి పట్టేటంత సైజు పెట్టి కొలిస్తే 1/35 అయింది. అదే ఇవాళ ప్రపంచమంతా టాంకులకు ప్రమాణం. శాస్త్రాలు చాలావరకు ఇలాగే పుడతాయి కాబోలు.

విశాఖపట్నంలో ఈ జబ్బు వున్నవాళ్ళం ఏడుగురం ఒకరికొకరం దొరికాము. బీచి రోడ్డున కుర్సురా సబ్‌మెరైను, దానికెదురుగా టీయూ-142 విమానం వొడ్డెక్కి కూర్చున్న ఊళ్ళో ఈ మాత్రం పిచ్చి వుండటం వింతకాదు. మాలో ఒక బ్యాంకు మేనేజరు, ఒక పిల్లల డాక్టరు, ఇద్దరు ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళు, ఇంజనీరింగు చదివే ఒక కుర్రవాడు, నేను, అందరికీ పెద్దదిక్కుగా నౌకాదళంలో పనిచేసి రిటైరైన బాబాయిగారు వున్నాం. నెలకో ఆదివారం ఒకరింట్లో కలుస్తాం. కట్టిన విమానాలు తీసుకురావడం తక్కువ. "ఈ నెల ఏం కొన్నావు?" అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

కొత్త పెట్టె తెచ్చినవాడు దాన్ని మధ్యలో పెడతాడు. ఉప్మా తిన్న చేతులు కడుక్కుని తుడుచుకుంటే గాని ఎవరూ ముట్టుకోరు. మూత మెల్లిగా లేస్తుంది. కొమ్మలు ఒకరి చేతినుంచి ఒకరి చేతికి పోతాయి. డాక్టరుగారు కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, పసివాడి గొంతు చూసినట్టు ఇంజను గొట్టంలోకి చూస్తారు. "రివెట్లు చూశారా, ఎంత సన్నగా పోశాడో!" అని ఒకరు, "రెక్క మొదట సందు వస్తుంది, చూసుకో" అని ఇంకొకరు. కాలేజీలో నేను ప్రబంధం చెప్పేటప్పుడు ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు ఏడుగురు దొరికితే నా జన్మ తరించేది.

బొమ్మలమీద దిగుమతి సుంకం 2020లో ఇరవైనుంచి అరవై శాతానికి, 2023లో డెబ్భైకి పెరిగినప్పుడు మా సభ ఇళ్ళలో విషాదచ్ఛాయలు అలముకున్నాయి. అప్పటినుంచి అమెరికాలో వున్న మేనల్లుళ్ళమీద మాకు ప్రేమ పెరిగింది. వాళ్ళు సెలవులకు వస్తున్నారంటే వాళ్ళ సూట్‌కేసుల్లో ఎంత చోటుందో ముందే కనుక్కుంటాం. బ్యాంకు మేనేజరుగారైతే ప్రతి పెట్టెకూ రెండు ధరలు చెబుతారు. మాకు చెప్పే ధర ఒకటి, ఇంట్లో చెప్పేది ఇంకొకటి. మాకు చెప్పేదే పెద్దది.

నవ్వుకోవచ్చుగాని, ఆలోచిస్తే మన ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్నది ఇదేగదా! బొమ్మల కొలువుకు ఏటా ఒక్క కొత్త బొమ్మయినా కొనాలి. పేరంటానికి వచ్చినవాళ్ళు "ఈ యేడు కొత్తదేదమ్మా?" అని అడుగుతారు. కొండపల్లివాళ్ళు తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, ఏనుగుమీద అంబారీని నిలబెడతారు. మేము రెక్క సందుల్లో కూరేది కూడా మక్కే. విదేశీ ట్యూబులో వస్తుంది గనుక దానికి ధర ఎక్కువ, అంతే తేడా.

ఇక బాబాయిగారి సంగతి చెప్పాలి. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. కాఫీగ్లాసు రెండు చేతులా పట్టుకుంటారు. ముక్క కత్తిరించడం, అతికించడం ఎప్పుడో మానేశారు. కొనడం మాత్రం మానలేదు. ప్రతి నెలా ఒకటో రెండో కొత్త పెట్టెలు తెస్తారు, మాకు చూపిస్తారు, మళ్ళీ పట్టుకుపోతారు. వారి వెనకగదిలో నూట నలభై పెట్టెలు నేలనుంచి అటకదాకా పేర్చివున్నాయి. అందులో పదకొండు సీ హాక్‌లే.

2025 జూలైలో ఒక సాయంత్రం పిన్నిగారు నన్ను పిలిపించారు. "మాస్టారూ, నీ మాటంటే ఆయనకు గురి. కొనడం మానమని చెప్పు నాయనా. డబ్బుకు కాదు. రేపు మేమిద్దరం లేకపోతే ఈ పెట్టెలు ఏ కాటావాడో కిలోల లెక్కన పట్టుకుపోతాడు. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు" అన్నారు. పిల్లలు కెనడాలో వున్నారు. వాళ్ళకు వీటి ఊసు పట్టదు.

కాదనలేక వెనకగదిలోకి వెళ్ళాను. బాబాయిగారు మంచంమీద ఒక సీ హాక్ పెట్టె విప్పుకుని, సూచనల కాగితం పరిచి చూస్తున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఇవే పదకొండు ఎందుకు కొన్నారు బాబాయిగారూ?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పారు. "డెబ్భైఒకటిలో నేను విక్రాంత్ అడుగున బాయిలర్ల దగ్గర వుండేవాణ్ణి మాస్టారూ. నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్ళు పట్టింది. మిగిలిన వాటితోనే నెట్టుకొచ్చాం. పైన సముద్రమో, ఆకాశమో మాకు తెలిసేది కాదు. విమానం ఎగరాలంటే డెక్కుమీద కాటపుల్టు దాన్ని విసరాలి. కాటపుల్టుకు ఆవిరి కావాలి. ఆ ఆవిరి మాది. నెత్తిమీద దబ్బున శబ్దమయేది, గేజీలో ముల్లు దిగేది. ముల్లు దిగిందంటే ఒక సీ హాక్ వెళ్ళిందన్నమాట. అలా లెక్కపెట్టుకునేవాళ్ళం. చిటగాంగు వైపూ కాక్స్ బజారు వైపూ వెళ్ళేవి. తిరిగివచ్చేటప్పుడు మాత్రం ముల్లు కదలదు. వెళ్ళినవాళ్ళు వచ్చారో లేదో పైనుంచి ఎవరైనా దిగివచ్చి చెబితేగాని తెలిసేది కాదు. ఆ విమానాన్ని దగ్గరగా చూసింది తక్కువ. అందుకని కొంటాను."

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పిన్నిగారు కాఫీతో నిలబడివున్నారు. "యాభై నాలుగేళ్ళయింది. నాకెప్పుడూ ఈ ముక్క చెప్పలేదు" అన్నారు. గ్లాసు నా చేతికిచ్చి మంచం పట్టెమీద కూర్చున్నారు. "ఆ డిసెంబరుకు మా పెళ్ళయి ఆరు నెలలు. ఊరంతా దీపాలార్పేవారు. విక్రాంత్ విశాఖ దగ్గరే వుందని చెప్పుకునేవారు. ఘాజీ పేలిన రాత్రి మా అమ్మ నన్ను పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. పేలింది ఎవరిదో మాకేం తెలుసు?"

శత్రువు నమ్మాలని ఆ మాట పుట్టించింది మనవాళ్ళే. ఓడ అప్పుడు అండమాన్ల వైపు వుంది. పాకిస్తాను సబ్‌మెరైను ఘాజీ విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చి, డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ ఎదుటనే మునిగింది. ఇవన్నీ ఇప్పుడు పుస్తకాల్లో వున్నాయి. ఆ రాత్రి పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఎవరు చెబుతారు?

కొనడం మానమన్న మాట నా నోట రాలేదు. "పిన్నిగారూ, మానిపించడం నావల్ల కాదు. ఒక్కటైనా పూర్తి చేయిద్దాం" అన్నాను.

మా ఇంజనీరింగు కుర్రవాడి చెయ్యి మంచిది. గడియారపు ముల్లంత ముక్కను కూడా వణక్కుండా నిలబెడతాడు. ఆగస్టునుంచి ఆదివారాలు బాబాయిగారింటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆయన కుర్చీలోనుంచి చెప్పడం, వీడు చెయ్యడం. మూడు చక్రాల విమానానికి ముక్కులో బరువు పెట్టకపోతే తోకమీద కూలబడుతుంది. అందుకోసం బాబాయిగారు జాలరిపేటనుంచి గాలానికి కట్టే సీసపు గుళ్ళు తెప్పించారు. వీడు కొత్తగా తళతళలాడేటట్టు రంగు వేస్తానన్నాడు. "ఉప్పుగాలిలో వారం తిరిగిన విమానం పెళ్ళికొడుకులా వుంటుందిట్రా?" అని ఆయన కేకలేశారు. "తాతగారూ, మీరు చూసింది తక్కువన్నారుగా?" అన్నాడు వీడు. ఆ రోజు ఇద్దరికీ కాసేపు మాటల్లేవు. పిన్నిగారు పకోడీలు వేసి సంధి కుదిర్చారు. తోకదగ్గర ఆకుపచ్చ, తెలుపు, కాషాయం గుండ్రటి గుర్తు అతికించేటప్పుడు మాత్రం చిమటాను తానే పుచ్చుకున్నారట. కుర్రవాడు ఆయన మణికట్టు పట్టుకుంటే, ఆయన దాన్ని చోటుకు జార్చారట.

సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వాయుసేన వీడ్కోలు చెప్పింది. అవి 1963లో వచ్చినవి. 28వ తేదీ ఆదివారం మా సభ బాబాయిగారింట్లోనే. నలుగురం నాలుగు మిగ్-21 పెట్టెలు తెచ్చాము. ఎవరికి వారం మనమొక్కరమే తెస్తున్నామనుకున్నాం! బాబాయిగారు పన్నెండో సీ హాక్ బయటికి తీశారు. "ఇది ఇంకో కంపెనీది" అన్నారు. పిన్నిగారు ఏమీ అనలేదు.

అవి నవరాత్రులు. ముందుగదిలో కొలువు తీర్చివుంది. పైమెట్టుమీద దేవుళ్ళు, కిందిమెట్లమీద ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి అంబారీ. అంబారీ పక్కన, డెక్కులాగా బూడిదరంగు వేసిన చెక్కముక్కమీద, ఎగరబోతున్న సీ హాక్. పొట్టకింద కాటపుల్టుకు తగిలించే తీగను సన్నటి రాగితీగతో పెట్టాడు మావాడు. ముందు గాడిలోనుంచి తెల్లగా, పొగలాగా ఏదో లేస్తున్నది. దూదిపింజ. దీపారాధన వత్తులకు తెచ్చిన పత్తిలోనుంచి తీసి తానే పెట్టానని పిన్నిగారు చెప్పారు.

మేమింకా అక్కడ వుండగానే పేరంటానికి ఇద్దరమ్మాయిలు వచ్చారు. తాంబూలం అందుకుంటూ ఒకమ్మాయి వంగి చూసి, "విమానం బావుంది మామ్మగారూ! కిందనున్న ఈ తెల్లటిది ఏమిటండీ?" అని అడిగింది.

"అది ఆవిరమ్మా" అన్నారు పిన్నిగారు. "అది మా ఆయనది."