వదిన కంట తడి

మా మామగారు పోయినప్పుడు మా వదిన ఏడవలేదు. వదినంటే మావారి అక్కయ్య. నాన్నంటే ప్రాణం ఆవిడకి. అయినా ఆయన పక్కన కళ్ళు నులుముకుంటూ కూర్చుందే తప్ప చుక్క రాలలేదు. "కన్నతండ్రి పోతే కంట తడైనా లేదు, చూశావా" అని పక్కింటావిడ నా చెవిలో అంటే నేను కాదనలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

పదకొండో రోజు భోజనాల్లో ఇంకోటి. ముద్దముద్దకీ నీళ్ళు తాగుతూ, అన్నంలో చారు వరదలా పోయించుకుని తింది. గారె కొరికి, మింగలేక పక్కన పెట్టేసింది. వంటలకి వంకలు పెడుతోందనుకున్నారు అందరూ. "నోరు మంటే, ఆవకాయ నాలిక్కి తగిలితే ప్రాణం పోతోంది" అని ఎప్పుడైనా అంటే, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేదాన్ని. మన ఇళ్ళల్లో నోటికి ఏమొచ్చినా వేడే కదా! రెండేళ్ళు సబ్జా నీళ్ళతోనే గడిచిపోయాయి.

చివరికి పట్టుకున్నది పళ్ళ డాక్టరమ్మ. వరసగా నాలుగు పళ్ళు చిగుళ్ళ మొదట్లో పుచ్చిపోతే తీసుకెళ్ళాను. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం వదిన బుగ్గకి లోపల అతుక్కుపోయింది. ఆవిడ ఆగి, "కళ్ళల్లో ఇసుక పడ్డట్టు ఉంటుందా? కీళ్ళ నొప్పులున్నాయా?" అని అడిగింది. పళ్ళ డాక్టరుకి కళ్ళతో పనేమిటా అనుకున్నాను నేను. వదిన రెండింటికీ తలూపింది. అక్కణ్ణుంచి కీళ్ళ వాతం చూసే డాక్టరు, రక్త పరీక్షలు, కింది పెదవి లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష. షోగ్రెన్ సిండ్రోమ్ అని తేలింది.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి, లాలాజలం, కన్నీళ్ళు ఊరే గ్రంథుల మీద పడుతుందట. 1933లో దీని గురించి రాసిన స్వీడన్ కళ్ళ డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ పేరే దీనికి పెట్టారు. వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అదీ ఎక్కువగా మన వయసులోనో ఆ తర్వాతో. నోరెండిన ప్రతివాళ్ళకీ ఇదేనని కాదండోయ్. షుగరుకీ, కొన్ని బీపీ, అలర్జీ మాత్రలకీ కూడా ఎండుతుంది. కానీ వదిన నోటి సంగతి ఒక డాక్టరుకి, కళ్ళ సంగతి ఇంకొకరికి, మోకాళ్ళ సంగతి మరొకరికి చెప్పుకుంది. మూడూ ఒకచోట చెప్పి ఉంటే ఎప్పుడో దొరికేది. వారాల తరబడి మానని నోటి పుళ్ళు, పొక్కులు కూడా లూపస్, పెంఫిగస్ లాంటి జబ్బులకి మొదటి గుర్తు కావచ్చట.

దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. కళ్ళల్లో చుక్కలు, గుక్కగుక్కగా నీళ్ళు, పళ్ళు జాగ్రత్త.

కళ్ళ పరీక్షలో కింది రెప్ప లోపల సన్నటి కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు ఉంచారు. ఎంత తడిస్తే అంత కన్నీరున్నట్టు. వదినది 2 మిల్లీమీటర్లు తడిసింది. ఆ పట్టీ వంక చూసి, "నాన్న పోయినరోజు ఇది ఉంటే అందరికీ చూపించేదాన్ని కదే" అంది నవ్వుతూ.

అంటే పక్కింటావిడ అన్నమాట ఆ రోజు వదిన చెవిన పడింది. నేను కాదనకపోవడమూ చూసే ఉంటుంది.