మోకాలు తెగాక

నన్ను ఎవరూ తన్నలేదు. బంతి వెంట పరిగెత్తుతూ ఎడమకు తిరగబోయాను. బూటు గడ్డిలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాట్లో టప్పుమంది. దగ్గర్లో ఉన్న డిఫెండర్‌కి కూడా వినిపించిందట. నొప్పి కాసేపటికే తగ్గింది, పర్లేదనుకుని లేచాను. అడుగు వేస్తే కాలు నిలవలేదు. ఎమ్మారై తీసి, ఏసీఎల్ పూర్తిగా తెగిందన్నారు. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాటి లోపల పట్టి ఉంచే లిగమెంటు అది. తెగితే దానంతటది అతుక్కోవడం అరుదు. ఆడాలంటే తొడ వెనక కండ నుంచి ఒక టెండన్ ముక్క తీసి ఆ చోట కొత్తగా కట్టాలి.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. మా అనంతపురానికి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు పడదు. శెనక్కాయకు ఊడలు దిగే వేళకు వాన రాకపోతే చేను అంతే. అట్లాంటి ఏడు నాయనా అమ్మా బెంగళూరులో కట్టడం పనికి పోయేవాళ్లు, నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. బడి వెనక గరుసు నేల మీద మగపిల్లలతో చెప్పుల్లేకుండా ఫుట్‌బాల్ ఆడేదాన్ని. పచ్చగడ్డి మైదానం నేను మొదట చూసింది అనంతపురంలోని ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో. ఆ సంస్థను పెట్టిన, బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా కరువు సీమకు వచ్చి ఉండకపోతే, మా పల్లెల ఆడపిల్లలకు ఆ గడ్డి దక్కేది కాదు. ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ లీగ్ 2017లో మొదలైంది. నేను సంతకం చేసిన క్లబ్బు పేరు ఇక్కడ అనవసరం. ఒప్పందం సీజన్ వరకే, అంటే కొద్ది నెలలు. మోకాలు తెగిన వారానికి హాస్టల్ గది ఖాళీ చేయమన్నారు. ఆపరేషన్ ఖర్చు గురించి అడిగితే, ఒప్పందంలో ఆ మాట లేదన్నారు. నిజమే, లేదు. ఇంటికొచ్చాక నాయన ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"చేను ఎండితే ఇన్సూరెన్స్ అంటూ ఒకటుంటుంది. నీ కాలికి ఏమీ రాయలేదా పాపా?" అన్నాడు. రెండు ఎద్దులూ అమ్మి, మిగతాది వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించాడు.

ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి నెలలే కష్టం. తొడ కండ చూస్తుండగానే కరిగిపోయింది. రెండు కాళ్లూ చాపుకుని కూర్చుంటే వేరే వేరే మనుషులవిగా కనిపించేవి. మాది నేల మీద కూర్చుని తినే ఇల్లు, గొంతుకూర్చునే మరుగుదొడ్డి. అన్న ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కోసిచ్చాడు. మోకాలు పూర్తిగా చాచడం మొదటి పని. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలిని నేలకేసి నొక్కేదాన్ని. ఐసు సోడా అంగట్లో తెచ్చుకునేవాళ్లం. కొన్నాళ్లకు సిమెంటు సంచి ముక్కలో ఎర్రమన్ను పోసి అమ్మ కుట్టిచ్చింది, దాన్ని పాదానికి కట్టుకుని కాలు ఎత్తేదాన్ని. ఫిజియో దగ్గరికి టౌనుకు పోవాలంటే బస్సు చార్జీ, అమ్మకు ఆ పూట కూలి, రెండూ పోయేవి. అందుకే వారం పాఠం ఒక్కరోజే నేర్చుకుని వచ్చేదాన్ని.

వచ్చిన ప్రతివాళ్లూ అమ్మను అడిగే మాట ఒకటే: "కాలిట్లయితే పెండ్లెట్లమ్మే?" మళ్లీ ఆడతానా అని అడిగినవాళ్లు లేరు. ఆ రాత్రులు నేను ఏడ్చింది నొప్పికి కాదు.

మంచంలో ఉన్నప్పుడే పాతకాలం ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్ గురించి చదివాను. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినాయన. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరి మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఏషియాడ్‌లో రహీమ్ సాబ్ శిక్షణలో బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఇరవయ్యేడేళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది. 2023లో పోయేదాకా ఆయన బతికిన బతుకులో మైదానంలో గడిచింది ఎంత కొంచెమో తలచుకుంటే నాకు గుండె పట్టేసేది. అదే రోజుల్లో స్పెయిన్ ఆటగత్తె అలెక్సియా పుటెయాస్ సంగతీ తెలిసింది. 2022 జులైలో, యూరో టోర్నీ మొదలయ్యే ముందు, ఆమెకూ ఇదే లిగమెంటు తెగింది. ఆ అక్టోబరులో బాలన్ డి ఓర్ రెండోసారి అందుకుంది, తర్వాత మైదానంలోకి తిరిగొచ్చింది. ఆడవాళ్లకు ఈ దెబ్బ మగ ఆటగాళ్లకన్నా కనీసం రెట్టింపు తగులుతుందని డాక్టర్లు చెప్తారు. మోకాలు ఆమెదైనా నాదైనా ఒకటే. అప్పుడు ఆమె వెనక బార్సిలోనా క్లబ్బు ఉండింది.

తొమ్మిది నెలలు నిండకముందు ఆడితే మళ్లీ తెగే ముప్పు ఎక్కువ. నేను అంతకన్నా ఎక్కువే ఆగాను. ఒంటికాలి మీద దూకే పరీక్షలో రెండు కాళ్లూ దాదాపు సమానంగా వచ్చాయి. జిల్లా మ్యాచ్‌లు ఆడాను. లీగ్ క్లబ్బులు మాత్రం ఆపరేషనైన మోకాలంటే పిలవలేదు. నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడిందని విన్న రోజు సంతోషమూ దుఃఖమూ కలిసే వచ్చాయి.

ఇప్పుడు చిన్నపిల్లలకు నేర్పుతున్నాను. బంతి ముట్టుకోకముందు ఇరవై నిమిషాలు ఫిఫా 11+ వ్యాయామాలు చేయిస్తాను: దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, ఒంటికాలి మీద నిలకడగా. నాకు ఇవి ముందే ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. ఎవరికైనా క్లబ్బు నుంచి కాగితం వస్తే అమ్మానాన్నలను పిలిపించి లైను లైనూ చదివి వినిపిస్తాను. దెబ్బ తగిలితే ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, కోలుకునేదాకా జీతం వస్తుందా అని అడిగి రాయించుకోమంటాను. రాయబోమన్న చోటికి పంపలేదు. రాసిచ్చిన క్లబ్బు ఒకటి దొరికింది. ఈ సీజన్లో మా పిల్లలిద్దరు అక్కడ ఆడుతున్నారు.