వారం బట్వాడా

చిన్న గుత్తేదారు మొదటి పనికి మనుషుల్ని వెతుక్కోనక్కర్లేదు. ఊరి బడికి ప్రహరీ గోడో, వీధిలో సిమెంటు రోడ్డో దక్కితే సొంత ఊరి బేల్దారి మేస్త్రీ, అతని వెంట నలుగురు కూలీలు, ఒక మిక్సరు చాలు. అందరి పేర్లూ తెలుసు, ఇళ్లూ తెలుసు. ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరి బోరు ఎండిందో కూడా తెలుసు. చిక్కంతా పని పెరిగినప్పుడు మొదలవుతుంది. కళ్యాణదుర్గంలో ఒకటి, గుత్తిలో ఒకటి, ధర్మవరం దగ్గర ఇంకొకటి ఒకేసారి చేతికొస్తాయి. సిమెంటు కొట్టువాడు అరువిస్తాడు, జేసీబీ గంటల లెక్కన దొరుకుతుంది, సెంట్రింగు సామాను బాడుగకు వస్తుంది. మనుషులే రారు.

అనంతపురం సీమలో కూలీలు దొరకరంటే బయటివాళ్లు నమ్మరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అదీ సమయానికి పడదు. దేశంలో జైసల్మేర్ తర్వాత అత్యల్ప వర్షపాతం ఈ జిల్లాదేనని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. ఇంత కరువున్న చోట పనికి మనుషులు బారులు తీరాలి కదా అని అడుగుతారు. కానీ ఇక్కడి కూలీల్లో చాలామంది రెండెకరాలో మూడెకరాలో మెట్ట ఉన్న రైతులే. జూన్, జులైల్లో పదునైన వాన పడిందంటే శనక్కాయ విత్తడానికి ముఠా మొత్తం ఊరెళ్లిపోతుంది. స్లాబుకు కమ్మీ కట్టి ఉన్నా సరే, పదును ఆగదు. మరి వాన రాకపోతే? అప్పుడు ఊళ్లో ఎదురుచూడరు, బెంగళూరు బస్సెక్కుతారు. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లరే. అక్కడ ఏడాది పొడుగునా కట్టడం పనులు, మంచి కూలి. అంటే వాన పడినా, పడకపోయినా జిల్లాలోని గుత్తేదారుకు మనుషుల కొరతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోకుండా పని కాలెండరు వేసుకున్నవాడు మొదటి ఆషాఢంలోనే ఇబ్బంది పడతాడు.

పని పెద్దదైతే దాన్ని పంచి ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు పనిచేశాయని అందులో చెక్కించారు. దాత పేరుతోపాటు కూలీల లెక్కను కూడా రాతికెక్కించడం గొప్ప విషయం. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ మాత్రం లేదు. ఇంకో నూట యాభై ఏళ్లకు, 1520 ప్రాంతంలో, పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ విజయనగరం పక్కన కృష్ణదేవరాయలు తవ్విస్తున్న చెరువును చూశాడు. పదిహేను, ఇరవై వేలమంది నేల కనిపించనంత కిక్కిరిసి పనిచేస్తున్నారని రాశాడు. రాజు ఆ చెరువును భాగాలు చేసి సేనానాయకులకు అప్పగించాడట. ఎవరి భాగంలో మనుషుల చేత పని చేయించి పూర్తి చేసే పూచీ వాళ్లది. ఈనాటి సబ్‌కాంట్రాక్టుకు ఇంతకన్నా స్పష్టమైన పాత నమూనా దొరకదు. అనంతపురం 1882 దాకా విజయనగరం ఉన్న బళ్లారి జిల్లాలో భాగమే కాబట్టి ఇది పరాయి కథ కూడా కాదు.

పాయెస్ మరో సంగతి కూడా రాశాడు. ఆ కట్ట రెండు మూడుసార్లు తెగింది, నిలబడడానికి మనుషుల్ని, గుర్రాల్ని, దున్నల్ని బలి ఇచ్చారు. అనంతపురాన్ని ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకూ ముసలమ్మ బలి కథ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' ఆ కథ మీదే. కట్ట నిలవడానికి ప్రాణం పోవాలనుకున్న కాలం పోయిందని చెప్పుకుంటాం. కానీ ఈనాటికీ హెల్మెట్టు లేకుండా సారవ ఎక్కినవాడు జారిపడితే, ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మేస్త్రీకీ గుత్తేదారుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. మనుషుల కోసం వెతికే గుత్తేదారు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న అదే.

మట్టిపనిలో వడ్డెరల చేయి తిరిగినతనం వేరు. బావులు, చెరువులు, రాతి కట్టడాలు వాళ్ల తరతరాల వృత్తి. గుంత తవ్వేటప్పుడు మధ్యలో ఒక దిమ్మను తాకకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత నేల గడ్డి అలాగే ఉంటుంది. పని అయ్యాక ఆ దిమ్మ ఎత్తు కొలిస్తే తవ్విన లోతు ఎంతో తేలుతుంది. పొడవు, వెడల్పు టేపుతో పట్టుకోవచ్చు గానీ లోతుకు సాక్ష్యం ఆ దిమ్మే. గుత్తేదారు మనిషి, ముఠా పెద్ద ఇద్దరూ అక్కడ నిలబడి కొలత చదివి పుస్తకంలో రాసుకున్నాకే దాన్ని పడగొట్టాలి. కొలతకు ముందే దిమ్మ పడగొట్టిన చోట పంచాయితీ తప్పదు. అలాంటి గుత్తేదారు దగ్గరికి మంచి ముఠా మళ్లీ రాదు. ఫలానా ఆయన కొలతలో కోత పెడతాడన్న మాట ఊరూరూ చేరడానికి ఒక్క సంత చాలు.

కొత్త ముఠాను రప్పించడానికి అందరికీ తెలిసిన దారి అడ్వాన్సు. దీన్ని ఒక వ్యవస్థగా దేశమంతా తెలిసేలా చేసింది పాలమూరు. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి మేస్త్రీలు ముందుగా డబ్బిచ్చి కూలీలను కూడగట్టి, దేశంలో ఆనకట్టలూ కాలువలూ కట్టే చోట్లకల్లా తీసుకెళ్లారు. పెద్ద కంపెనీ కింద పెద్ద మేస్త్రీ, అతని కింద గుంపు మేస్త్రీ, వాళ్ల కింద మొగుడూ పెళ్లాం జంటగా కూలీలు. అడ్వాన్సు తీరేదాకా పనిచేయాలి, లెక్క మాత్రం చివర్లో చూస్తారు. ఆ చివరి లెక్కలోనే కుటుంబాలు మునిగేవి. ఒడిశాలో ఇదే పద్ధతిని దాదన్ అంటారు. ఆ వెతల ఫలితంగానే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. గుత్తేదారు వైపు నుంచి చూసినా అడ్వాన్సు మీద నమ్మకం పెట్టుకోలేం. డబ్బు తీసుకున్న మేస్త్రీ ఇంకొకరి దగ్గర ఎక్కువ తీసుకుని అటు వెళ్లిపోతే పట్టుకునే దారి ఉండదు. కూలీని అప్పుతో కట్టేసి పని చేయించుకోవడం తప్పు, పైగా అది నిలబడే వ్యాపారం కూడా కాదు.

నిలబడేది వారం బట్వాడా. సంతకు ముందు రోజు సాయంత్రం, హాజరు పట్టీ చదివి, ఎవరి డబ్బు వాళ్ల చేతికి ఇవ్వడం. మేస్త్రీ చేతికి మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటే సగం గొడవలు అక్కడే పుడతాయి. ఆడకూలీలకు తక్కువ ఇచ్చే పాత అలవాటు కూడా ఆ మొత్తంలోనే దాక్కుంటుంది. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. బొచ్చెలో కాంక్రీటు మోసే ఆమెకూ, పారతో నింపే అతనికీ ఒకే లెక్క ఉండాలి. ఈ మాట పట్టీలో కనపడేలా రాసిన గుత్తేదారుల దగ్గర ఆడకూలీలు నిలకడగా పనిచేస్తారు. వాళ్లు నిలిస్తే ముఠా నిలుస్తుంది.

ఉపాధి హామీ వచ్చాక కూలీలు చెడిపోయారన్న మాట గుత్తేదారుల నోట తరచుగా వినిపిస్తుంది. ఆ పథకం మొదలైంది ఈ జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ దాన్ని ప్రారంభించారు. అప్పటి చట్టం ప్రకారం ఏడాదికి ఇంటికి 100 రోజుల పని. అందులో గుత్తేదారుకు చోటే లేదు, చట్టమే వద్దంది. మేట్ ఉంటాడు, మస్టరు ఉంటుంది, కొలత ఉంటుంది. 2025-26లో రాష్ట్రంలో ఆ కూలి రేటు రోజుకు 307 రూపాయలు. బయట బేల్దారి పనికి ఇచ్చే కూలి దీనికన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఉపాధి హామీ గుత్తేదారు కూలీలను లాక్కుపోయిందనడం సరికాదు. అది తెచ్చిన మార్పు ఒకటుంది. ఇంత తక్కువకు, ఇంత ఆలస్యంగా అయితే రామని చెప్పగలిగే ధైర్యం ఇచ్చింది. కరువు సీమలో ఆ ధైర్యం రావడానికి తరాలు పట్టింది. దాన్ని నేరంగా చూడకూడదు.

పెద్ద పనులు వచ్చినప్పుడు కొరత ఎంత తీవ్రమవుతుందో పెనుకొండ చూసింది. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. రెండేళ్లలో అంత కట్టడం లేచిందంటే సెంట్రింగు, కమ్మీ వంపు, వెల్డింగు, పైపులు, కరెంటు, ఒక్కొక్కదానికీ వేరే ముఠా, వేరే సబ్‌కాంట్రాక్టరు కావాలి. దానికి ముందు తరంలో సత్యసాయి తాగునీటి పథకం కింద 731 గ్రామాలకు పైపులు వేసినప్పుడూ అంతే. చిన్న గుత్తేదారుకు ఇలాంటి చోట్ల రెండు దారులు. పెద్ద కంపెనీ కింద తానే సబ్‌కాంట్రాక్టరుగా చేరడం, లేదా అక్కడికి వెళ్లిపోయిన తన ముఠాలు తిరిగొచ్చేదాకా కొత్త పని ఒప్పుకోకుండా ఆగడం. రెండోది కష్టమైన నిర్ణయం. కానీ ఒప్పుకుని గడువు దాటించడం కన్నా మేలు.

సబ్‌కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు రేటు ఒక్కటే చూసేవాళ్లు ఎక్కువ. చదరపు అడుగుకు రెండు రూపాయలు తక్కువ చెప్పిన ప్లాస్టరింగు మేస్త్రీకి పని ఇచ్చేస్తారు. అతని దగ్గర ఎందరు మనుషులున్నారు, ఎక్కడి నుంచి వస్తారు, ఎక్కడ ఉంటారు, పోయిన ఏడాది పని ఇచ్చినవాళ్లు అతని గురించి ఏమంటున్నారు, ఇవి అడగరు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం సబ్‌కాంట్రాక్టరును కూడా కాంట్రాక్టరుగానే లెక్కించింది. కింది వాడు కూలి ఎగ్గొడితే పని ఇచ్చిన యజమానే చెల్లించి తర్వాత రాబట్టుకోవాలని చెప్పింది. ఆ చట్టం 20 మంది నుంచి వర్తించేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ హద్దును 50కి పెంచింది. హద్దు పెరిగినంత మాత్రాన ఇరవైమంది ఉన్న ముఠాకు కూలి బాకీ పెట్టొచ్చని కాదు. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన కట్టడ కార్మికులు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. దానికి పని చేయించినవాళ్లు ఇచ్చే ధ్రువపత్రం అక్కరకొస్తుంది. కాగితం మీద ఒక సంతకం పెట్టడానికి వెనకాడే గుత్తేదారులే మనుషులు నిలవరని బాధపడుతుంటారు.

అసలు నొప్పి మాత్రం పైనుంచి వస్తుంది. ప్రభుత్వ పని పూర్తయి, కొలతలు పుస్తకంలోకెక్కినా బిల్లు నెలల తరబడి రాదు. ఆ లోపు చిన్న గుత్తేదారు వడ్డీకి తెచ్చి బట్వాడా చేయాలి. లేదా మేస్త్రీకి వాయిదాలు చెప్పాలి, అతను కూలీలకు వాయిదాలు చెబుతాడు. తాగునీటి పథకంలో పనిచేసే కార్మికులు సైతం జీతాల బకాయిల కోసం సమ్మెకు దిగిన సందర్భాలు జిల్లాలో ఉన్నాయి. బిల్లు వచ్చేదాకా ఎన్ని వారాల బట్వాడా తన జేబులోంచి చేయగలడో, అన్ని పనులే గుత్తేదారు ఒప్పుకోవాలి. బ్యాంకు ఎంత అప్పిస్తుందన్నది ఆ తర్వాతి సంగతి.

అందుకే తెలివైన గుత్తేదారులు ఏడాదిని వాన చుట్టూ అమర్చుకుంటారు. పునాదులు, మట్టిపని, స్లాబులు సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మే చివరికి ముగిస్తారు. ఎండల్లో స్లాబు తడపడానికి ట్యాంకరు ఎక్కడి నుంచి వస్తుందో, కూలీలకు తాగడానికి మంచినీళ్ల క్యాను ఎవరు తెస్తారో పని మొదలుకాకముందే మాట్లాడి పెట్టుకుంటారు. జూన్ నుంచి లోపలి ప్లాస్టరింగు, బండలు పరచడం, రంగులు, తలుపులు. ఆ పనులకు సేద్యం లేని పట్నం ముఠాలు చాలు. విత్తనానికి వెళ్తున్న ముఠాకు ఆ వారం బట్వాడా పూర్తిగా చేతిలో పెడతారు. శనక్కాయ పీకుడు అయ్యాక ఏ పని, ఏ ఊళ్లో, ఏ రేటుకో మేస్త్రీతో అప్పుడే ఖాయం చేసుకుని, అతని ఫోన్ నంబరు పక్కన ఆ రేటు రాసి పెట్టుకుంటారు.