నెస్విజు పట్టణము

మా పిల్లవాడు మొన్న ఐరోపా పటమును నేలపై పరచుకొని, ఒక చుక్కపై వ్రేలుంచి, "నాన్నగారూ, ఈ ఊరి సంగతి చెప్పండి" అని అడిగెను. అది బెలారుసు దేశములోని నెస్విజు. ఆ పేరు మేమెన్నడును వినియుండలేదు. తెలియదనుటకు సిగ్గుపడి, రేపు చెప్పెదమని తప్పించుకొంటిమి. ఆ సిగ్గే మాచేత కొంత చదివించినది.

మిన్స్కు నగరమునకు నైరృతిదిక్కున సుమారు 110 కిలోమీటర్ల దూరమున ఈ యూరున్నది. ఉశా యను చిన్న యేటికి కట్టలు వేసి చెరువులు నింపిరి. వాని నడుమ రాద్జివిల్ ప్రభువుల కోట. 1583లో కట్టుటకు మొదలిడిరి. చెంతనే బెర్నార్దోని యను ఇటలీ శిల్పి కట్టిన దేవాలయము. 2005లో యునెస్కో వారసత్వపు పట్టికలో చేరిన ఈ కోటను చూచుటకే యాత్రికులు వచ్చెదరు. మా మనస్సు మాత్రము కోటకు పూర్వపు సంగతిపై నిలిచినది.

1562లో సైమన్ బుద్నీ యను పండితుడు, మరి యిద్దరితో గూడి, ఇచ్చట ప్రశ్నోత్తరరూపమైన మతబోధిని నొకదానిని అచ్చువేసెను. అది పండితుల లాటినున గాక, పామరజనుల కొరకు వారి భాషలోనే వ్రాయబడెను. ఆ భాషలో నేటి బెలారుసు నేలపై అచ్చుపడిన మొదటి పుస్తకమిది. పరభాషలతోపాటు ప్రజల భాషనుగూడ ఆదరింపుడని బుద్నీ రాద్జివిల్ రాకుమారులను అందులో వేడుకొనెను. అప్పటికి ఆ వంశమువారు మతసంస్కరణ పక్షమువారు. కొన్ని యేండ్లకు పెద్దకుమారుడు కాథలిక్ మతమున చేరి, తన తండ్రి ధనమిచ్చి అచ్చువేయించిన బైబిలు ప్రతులను కొని కాల్పించెను. కోటయు దేవాలయమును కట్టించినది ఈతడే.

మరునాడు ఇదంతయు చెప్పితిమి. "అక్కడి పిల్లలు ఇప్పుడు ఆ భాషలోనే చదువుకొందురా?" అని వాడడిగెను. ఆ దేశపు బడిపిల్లలలో అత్యధికులు రష్యనులోనే చదువుచున్నారని చెప్పగా, వాడు నొచ్చుకొనెను.

ఒక సంగతి మాత్రము దాచితిమి. 1941 అక్టోబరు 30న నాజీలు ఈ యూరి యూదులలో నాలుగువేలమంది వరకు చంపిరి. మిగిలిన కొలదిమందిని కొన్ని వీధులలో నిర్బంధించిరి. 1942 జూలై 22న వారిని చుట్టుముట్టగా, వారు లొంగక, తమ యిండ్లకు తామే నిప్పుపెట్టి, దొరికిన ఆయుధములతో పోరాడిరి. అనేకులు మడిసిరి, కొందరు అడవులలోని గెరిల్లాదళములను చేరిరి.

వాని కింకను ఈడు చాలదని మా యభిప్రాయము. రాజుల కథ చెప్పి ప్రజల కథ దాచుట యేమి న్యాయమని వాని తల్లి వాదించుచున్నది. పటము ఇంకను గోడకు వ్రేలాడుచునే యున్నది.