ద్రాక్షపండు రంగు సిరా

ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులే జ్ఞాపకం వస్తాయి. మా ఇంట ఇంకొక ఇష్టం కూడా ఉంది. ద్రాక్షారసపు రంగు సిరాతో ఉత్తరాలు రాయడమంటే మాకు ప్రీతి. "మందు ముట్టని మీకు ఆ రంగేమిటండీ?" అని సంఘములో ఒక పెద్దాయన నవ్వుతూ అడిగారు. ప్రభువు బల్ల యొద్ద గిన్నెలో మనం చూచే రంగే గదా అన్నాము. ఆయన మారుమాట్లాడలేదు.

ఆ మాట తమాషాకు అన్నది కాదు. ప్రభువు మాటలను ఎర్రని అక్షరాలలో అచ్చువేసిన బైబిళ్లు మీరు చూచే ఉంటారు. ఆ పద్ధతి న్యూయార్కులో క్రిస్టియన్ హెరాల్డ్ పత్రికకు సంపాదకుడైన లూయీ క్లాప్ష్ అనే ఆయన తలంపు. లూకా 22:20లో గిన్నెను గూర్చి, రక్తమువలననైన క్రొత్త నిబంధనను గూర్చి ప్రభువు పలికిన మాటపై దృష్టి పడినప్పుడు ఆయనకు అది తోచింది. 1899లో క్రొత్త నిబంధనను అలాగే అచ్చువేయించాడు.

మా పెన్ను రాజమండ్రి రత్నం వారిది. 1932లో మొదలైన ఆ స్వదేశీ పెన్నును మెచ్చుకుంటూ 1935లో గాంధీగారు ఉత్తరం రాశారు. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచిన ఎబొనైటుతో చేసినది గనుక ఎర్రసిరా మరక దానిమీద కనబడదు. అదే తెల్లని ప్లాస్టిక్కు పెన్నయితే గులాబిరంగు పట్టి, ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు.

లివర్‌పూల్‌లోని డయమైన్ వారు ఆక్స్‌బ్లడ్ అనీ, జపానులో పైలట్ వారు అడవి ద్రాక్ష పేరు మీద యమబుదో అనీ ఇటువంటి రంగులు అమ్ముతున్నారు. వాటి ధర మన ఇళ్లకు బరువే. మేము ఒకే కంపెనీ ఎరుపు, నీలం సిరాలు కొని కలుపుకుంటాము. చిన్న గాజుసీసాలో పది చుక్కల ఎరుపు వేసి, నీలం ఒక్కొక్క చుక్క చేరుస్తూ పోతే నేరేడుపండు ఛాయ వస్తుంది. ఒక రాత్రి అలా ఉంచి, అడుగున మడ్డి దిగితే పారబోయాలి, పెన్నులో పోయకూడదు.

ఈ రంగు అందం మన తెలుగు రాతలోనే బాగా తెలుస్తుంది. గుడి, సుడి, తలకట్టు తిరిగి పాళీ ఆగినచోట సిరా నిలిచి చిక్కని నేరేడు రంగవుతుంది. గీత పల్చగా సాగినచోట దానిమ్మగింజలా మెరుస్తుంది. అన్నీ మెలికలైన ఈ అక్షరాలను మించి దీనికి తగినవి లేవేమో! ఇది మా పక్షపాతమే అనుకోండి.

అయితే అన్నిటికీ ఈ సిరా పనికిరాదు. 1986 ఆగస్టు గోదావరి వరదలో తడిసిన మా ఇంటి బైబిలులో ఎర్రసిరా గుర్తులు కరిగి పుటలంతా పాకాయి. అదే పుటల్లో అమ్మ పెన్సిలుతో వేసుకొన్న గుర్తులు చెక్కుచెదరలేదు. పైగా బైబిలు కాగితం మా ఊరి రేకులాగా పల్చన, ఇవతల రాస్తే అవతలికి దిగుతుంది. కాబట్టి గ్రంథములో పెన్సిలే వాడతాము. బాప్తిస్మపు రిజిస్టరుకైతే నీళ్లకు చెదరని నల్ల సిరా ఉండాలి. అది ఒకరి సొంత ముచ్చటకు సంబంధించినది కాదు గదా.

ఉత్తరం సంగతి వేరు. మా చెల్లెలు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఫోనులో మాట్లాడుతూనే ఉంటుంది, అయినా ఉత్తరం కావాలంటుంది. ఫోను పెట్టేశాక చేతిలో ఏమీ మిగలదట. ఆ రంగు ఉత్తరాలన్నీ తలగడ కింద ఉంచుకొని, నిద్రపట్టని రాత్రి మళ్లీ చదువుకుంటుందట. యోహాను భక్తుడు తన మూడవ పత్రిక చివర గాయునకు సిరాతో, కలముతో రాయడంకంటె ముఖాముఖిగా మాటలాడడమే ఇష్టమని తెలియజేశాడు. మాకూ అదే ఇష్టం, కాని ఆమె సెలవుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈ నెల కొబ్బరి దింపు సంగతి, ఆమె పిల్లవాని బడి ఫీజు కట్టిన సంగతి రెండు పేజీలు రాశాము. దారిలో వానకు తడిసినా చేరాలని, కవరు మీద చిరునామా మాత్రం నల్ల సిరాతోనే.